వేపమండల గది

చీపురుపల్లి దగ్గర ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఆడపిల్లల హాస్టలు గేటు లోపల వార్డెన్ ఝాన్సీ. బయట సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన కూర్మమ్మ, పక్కన ఒంటినిండా పొక్కులతో ఆమె కూతురు అనిత.

"దూరంగా, దూరంగా నిలబడండమ్మా. పిల్ల పెట్టె బయట పెట్టించాను, చూసుకో."

"పెట్టె సంగతి తరవాత మేడమ్. అమ్మోరు పోసిన గుంటని గుమ్మం దాటిస్తారేటండి ఎవులైనా? ఎల్లుండి పరీచ్చ కదేటి?"

"హాస్టలంతా పాకుతోంది కూర్మమ్మా. వచ్చినవాళ్ళని ఇళ్ళకి పంపేస్తున్నాం. క్లాసులు ఫోన్లోనే చెబుతున్నాం."

"పాఠం ఫోన్లో సెప్తారు సరే, పరీచ్చా ఫోన్లోనే పెడతారేటి?"

"సప్లిమెంటరీ ఉంటుందిగా."

"అంతవరకూ నర్సింగు సీటు దీనికోసం కాసుకుని కూకుంటాదేటండి? సేపల తట్ట మోసి సదివించింది ఈ పరీచ్చ కోసమే. ఓ మూల గదిలో ఒక్కర్తినీ కూకోబెట్టి రాయించండి."

"అలాంటి గదులు లేవమ్మా."

"మరి మేడ మీద ఆ గదేటి? గుమ్మానికి యాపమండలు కట్టున్నాయి."

"అదా... అది స్టోరు."

"స్టోరుకి అమ్మోరు పోసిందేటి?"

"స్టోరు కాదే అమ్మా, ర్యాంకు బ్యాచ్ గది. ఫ్లెక్సీ మీద బొమ్మలుంటాయే, ఆళ్ళకి. ఒకరి తరవాత ఒకరికి పోస్తన్నాది. ఇప్పుడు ధనలక్ష్మి ఉన్నాది."

"అనితా, నిన్నెవరడిగారు?"

"పరీచ్చకి మన కాలేజీయే సెంటరు కదమ్మా. ధనలక్ష్మికి ఆ గదిలోనే రాయడానికి పర్మిషన్ తెచ్చారు."

"మేడమ్! ఆ గుంటకి గదుంది, నా గుంటకి నేదేటి?"

"ఆ అమ్మాయికి స్టేట్ ర్యాంకు వస్తుంది. అది రాకపోతే వచ్చే ఏడు అడ్మిషన్లుండవు. నా చేతిలో ఏముంది చెప్పు?"

"మరి మా దానికెలగ అంటుకుంది? ఆ గదిలోకి ఎవుల్నీ ఎల్లనియ్యరు గదా?"

"నేనెల్లేదాన్నమ్మా. పోయిన నెల్నించీ. అన్నం తినిపించి, పక్కనే పడుకునేదాన్ని. మేడమే పెట్టారు."

"ఊరికే పెట్టలేదు! పెద్దవాళ్ళకి వస్తే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు చెప్పారు, అందుకే మేమెవరం వెళ్ళలేదు. ఓసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదు. నీకే ఫోన్ చేసి అడిగానా లేదా, అనితకి చిన్నప్పుడు వచ్చిందా అని? ఏమన్నావు?"

"అదిప్పుడెందుకు మేడమ్?"

"చెప్పమ్మా, ఏమన్నావు?"

"వచ్చిందన్నాను."

"మరి నన్నంటావేం? ఉండు, ప్రిన్సిపాల్ గారి ఫోను. కదలొద్దు, ఇప్పుడే వస్తా. హలో... సార్..."

"అమ్మా, నాకెప్పుడొచ్చిందే?"

"రానేదే."

"మరెందుకలగ సెప్పినావు?"

"సిన్నప్పుడు రానోళ్ళందర్నీ ఇళ్ళకి అంపీస్తన్నారని బస్సులో ఎవులో అన్నారే. నీ సదువు పోతాదని బయపడిపోనాను. అమ్మోరి పేరుతో అబద్దమాడీసినాను. నా నోరు కాలిపోను! మనింట్లో నీకూ రానేదు, నాకూ రానేదు."

"ఏడవకే. నువ్వేడిస్తే నాకూ ఏడుపొస్తాది."

"నా సేతుల్తో నానే నిన్ను ఆ గదిలోకి తోసీసినానే, తల్లీ."

"ఊరుకో. మేడమొస్తన్నారు."

"కూర్మమ్మా, సారు ఒకటన్నారు."

"ఏటన్నారు?"

"ధనలక్ష్మికి జ్వరం తగ్గలేదు. మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు లోపల. వాళ్ళక్క పురిటికి వచ్చి ఉందట, అందుకని వాళ్ళమ్మ ఇటు రానంటోంది. ఎవరైనా దగ్గరుండి చూసుకుంటే... అనితకీ ఆ గదిలోనే బల్ల వేయిస్తామన్నారు."

"రాయనిస్తారా? నిజింగా?"

"రాయనిస్తాం. కాని మొన్నట్లా పొరపాటు జరక్కూడదు. అందుకే అడుగుతున్నా. నీకు చిన్నప్పుడు అమ్మవారు వచ్చిందా?"

"అమ్మా, వొద్దే! ఎల్లిపోదాం, రాయే!"

"నువ్వూరుకోయే. గేటు తియ్యండి మేడమ్. నాకు సిన్నప్పుడే వచ్చీసింది."