బంధువులకైనా ఇదే రేటు

నర్సుగా పనిచేసి ఈమధ్యే రిటైరైన అక్క, తమ్ముడి ఇంటికి వచ్చి బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. తమ్ముడిది ఆఫీసు ఉద్యోగం. ఆదివారాలు మాత్రం డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తాడు.

“ఇదెవరు తీశారక్కా?”

“స్టూడియో ఆయన. వార్డు వాళ్ళందరం చివరిసారి కలిసి నిలబడ్డాం.”

“నేనుండగా బయటివాళ్ళెందుకు? నన్నొక్క మాట అడగలేకపోయావా?”

“అడుగుదామనే వచ్చాన్రా. గేటు దగ్గర నీ బోర్డు చూశాను. ‘బంధువులకైనా ఇదే రేటు’ అని.”

“అయ్యో, అది చిన్నబాబాయి కోసం పెట్టానక్కా! తను ఊరికే తీయించుకునేది చాలక స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చేవాడు. మొహం మీద చెప్పలేక బోర్డు రాయించాను.”

“బోర్డు మీద బాబాయి పేరు లేదు కదరా.”

“రేటు చూసి వెనక్కెళ్ళిపోయావా?”

“రేటుదేముంది, స్టూడియో ఆయనకీ ఇచ్చాగా. నేనిస్తే నువ్వు తీసుకోలేవు, ఇవ్వకపోతే నీ బోర్డుకి విలువుండదు. నిన్నెందుకు ఇరకాటంలో పెట్టడమని.”

“మళ్ళీ తీస్తాను. అందర్నీ పిలువు.”

“ఎక్కడ్నించి పిలవన్రా? ఆ వార్డే మూసేశారు. తలో ఊరికి బదిలీ అయిపోయారు.”

తమ్ముడు ఫొటోను కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాడు.

“అందరూ బాగున్నారు. నువ్వే కళ్ళు మూసుకున్నావ్.”

“చిన్నప్పట్నించీ అంతేగా. మూడు అనగానే రెప్పలు పడిపోతాయి. అందుకే నువ్వు మూడంటానని చెప్పి రెండుకే నొక్కేసేవాడివి.”

“ఆ సంగతి ఆయనకి చెప్పాల్సింది.”

“ఫొటోలు తీసేవాళ్ళంతా అంతే అనుకున్నాన్రా. పాపం, ఆయన నిజంగానే మూడు దాకా లెక్కపెట్టాడు.”