పాన్‌గల్ దారి

గద్వాలలో ఆ మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. పెళ్లయి మూడు నెలలైన కోడలు లాప్‌టాప్ ముందు కన్నీళ్లు ఆపుకుంటూ ఉంటే, అత్త మగ్గం మీంచి లేచొచ్చి పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా, గట్ల పరేషాన్ అయితున్నవ్?"

"చీర అంచు డిజైన్లు చూపెట్టే ప్రోగ్రాం అత్తమ్మా. మీకోసమని 'సీ' అనే కంప్యూటర్ భాషల రాసిన. పాన్‌గల్‌ల మా తల్లిగారింట్ల మంచిగ నడిచింది. ఈడ ఫైల్ దొరకలేదంటున్నది."

"డిజైన్ల ఫైల్ తెచ్చుకోలేదా?"

"తెచ్చిన. దీని పక్కనే ఉన్నది. కానీ ఫైల్ ఏడున్నదో చెప్పే దారిని మా నాయన కంప్యూటర్‌ల ఉన్నట్టే మొదట్నుంచి చివరిదాక రాసిన. గందుకే ఇంకా పాన్‌గల్‌ల దారే ఎతుకుతున్నది."

"అచ్చం నీ లెక్కనే."

"నా లెక్కనా?"

"వండేటప్పుడు చూస్తున్న కద. ఉప్పు డబ్బాకని నీ చెయ్యి ఎప్పుడూ పొయ్యికి ఎడమ దిక్కే పోతది. మీ అమ్మ ఆడనే పెడుతదేమో."

కోడలు తల వంచుకుంది. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదనుకుంది.

"మార్చుకుంట అత్తమ్మా. దీనికి గూడ, తానున్న కాడి నుంచే ఎతుక్కోమని రాస్త. అప్పుడు ఏ ఇంటికి తీస్కపోయినా నడుస్తది."

"దానికి రాయి. నువ్వేం మార్చుకోకు."

"మరి ఉప్పు?"

"పొద్దుగాలనే డబ్బాను ఎడమ దిక్కుకు మార్చిన. ఇంక నా చేతికే అలవాటు కావాలె. ఇయ్యాల నేను వండిన పప్పుల ఉప్పెందుకు లేదనుకున్నవ్?"