అరచేతంత అంకెలు

ఉదయం పది గంటలకు, జిప్పులు అమ్మే ఆ చిన్న దుకాణానికి వారంలో మూడో పార్సిల్ వెనక్కి వచ్చింది. నల్ల జిప్పులు అడిగినవాళ్లకు ముదురు నీలం వెళ్లాయి. పార్సిల్ కట్టింది మామగారు. కోడలు డబ్బాల మీద అంకెలు రాసిన చీటీలు అంటించసాగింది.

"ఏమిటమ్మా ఆ అంకెలు?"

"కోడ్లు మామయ్యా. నలుపుకి ఒకటి, నీలానికి ఎనిమిది, పక్కన పొడవు. 1-20 అంటే నల్లది, ఇరవై అంగుళాలు."

"ముప్పై ఏళ్లుగా వాటికి పేర్లున్నాయిగా! అది నర్సమ్మ జిప్పు, ఇది కోటు మాస్టారి జిప్పు."

"మొదట ఎవరు కొన్నారో మీకు తప్ప ఎవరికి తెలుసు?"

"ఓహో. అందరికీ తెలిస్తే ఇక నేనెందుకు? ఇంట్లో కూర్చోమనేగా?"

"ఆ మాటయితే నోటితోనే చెప్పేదాన్ని. ఇంత అరచేతంత అంకెలు ఎవరికోసం రాస్తున్నాననుకున్నారు?"

ఆయన వెనక్కి వచ్చిన జిప్పొకదాన్ని, నల్లదొకదాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న మీరు ఒక కాలికి నల్ల మేజోడు, రెండోదానికి నీలం వేసుకొచ్చినప్పుడు."

"అబ్బాయికి చెప్పావా?"

"చీటీలు అంటించడానికి మనిద్దరం చాలు మామయ్యా."

"అయితే ఆ ఎనిమిది ఇంకాస్త లావుగా రాయమ్మా."

సాయంత్రం ఐదింటికి పదకొండు పార్సిళ్లు బయల్దేరాయి. అన్నీ ఆయనే కట్టారు.