నిన్న ఇంట్లో ఎన్ని కంచాలు పెట్టారమ్మా?

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం మా కుటుంబ సహాయ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన నాడు మా అక్కయ్యగారికి కూర్చోవడానికి కుర్చీ లేదట. పాత దస్త్రాల కట్టను గోడవారకు జరుపుకొని, దానిమీద కూర్చుని తొలి ఉత్తర్వు టైపు చేశారని ఆనాటి అటెండరుగారు ఇప్పటికీ చెబుతుంటారు. ముప్పై నాలుగేళ్ల సేవ ముగించుకొని ఈ నెలాఖరున ఆమె పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, ఇరవై యేళ్లకు పైగా పక్క కౌంటర్లో పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం నా భాగ్యం.

మొదటి పదేళ్లూ ఆమె దస్త్రాల గదిలోనే గడిపారు. తిరస్కరణకు గురైన దరఖాస్తులను బీరువాల్లో సర్దడం ఆ గదిలో పని. అక్కయ్యగారు సర్దేముందు ప్రతిదీ చదివేవారు. పిల్లలున్న పేద కుటుంబాలకు నెలనెలా అందవలసిన సహాయం ఆగిపోయింది అర్హత లేక కాదనీ, చాలాసార్లు ఒక గడి సరిగా నింపకపోవడం వల్లేననీ ఆమెకు అక్కడే బోధపడింది. అందరూ కౌంటరు డ్యూటీ తప్పించుకోవడానికి సెలవు చీటీలు పెడుతున్న రోజుల్లో, రెండువేల ఒకటిలో, ఆమె కోరి మరీ మూడో నంబరు కౌంటరుకు వచ్చారు.

మా ఫారంలో ఐదో గడి ‘కుటుంబ సభ్యుల సంఖ్య’. చూడటానికి ఇంత సులువైన ప్రశ్న మరొకటి లేదనిపిస్తుంది. కానీ ఒకామె అత్తవారింట్లో ఉన్న కూతుర్ని కూడా కలిపి చెబుతుంది. మరొకామె తానే పెంచుతున్న చెల్లెలి బిడ్డను వదిలేస్తుంది. అందుకే అక్కయ్యగారు ఆ గడి చదివి వినిపించేవారు కాదు. కలం పక్కనపెట్టి, “నిన్న ఇంట్లో ఎన్ని కంచాలు పెట్టారమ్మా?” అని అడిగేవారు. దానికి తప్పు జవాబు చెప్పిన తల్లిని నేను చూడలేదు. ఆ ప్రశ్న వల్లే ఆమెకు ‘కంచాలక్కయ్య’ అనే పేరు వచ్చింది. “ఆఫీసులో అడిగి అడిగి అలవాటైపోయింది. మా ఇంట్లోనూ టోకెన్ తీసుకున్నవాడికే అన్నం” అని ఆమె భర్త, మా బావగారు, నవ్వించేవారు.

నేను కొత్తగా చేరిన సంవత్సరం జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. బట్టల దుకాణంలో ఊడ్చే పనిచేసే ఒక తల్లి, ముగ్గురు పిల్లల కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఐదో గడిలో ‘ఐదుగురు’ అని రాసింది. భర్త ఆదాయ ధ్రువపత్రం జతపరచలేదని ఎర్ర సిరాతో రాసి నేను రెండుసార్లు వెనక్కి పంపాను. మూడోసారి ఆమె వచ్చింది ఆ ఏటి గడువు ముగిసే రోజున, సాయంత్రం నాలుగు దాటాక. ఈసారీ కాగితం లేదు. నేను మళ్లీ ముద్ర అందుకున్నాను.

“పోనీలెండమ్మా” అందామె. “సోమవారం నుంచి పెద్దదాన్ని కుట్టు దుకాణంలో పెట్టేస్తాను. ఎనిమిది దాకా చదివింది, చాల్లే.”

ఆ పెద్దపిల్ల పక్కనే నిలబడి ఉంది. పక్క కౌంటర్లోంచి అక్కయ్యగారు తల తిప్పారు. “ఇలా రా తల్లీ. నిన్న ఇంట్లో ఎన్ని కంచాలు పెట్టారు?”

ఆ పిల్లే చెప్పింది. “నాలుగండీ. నాన్న కంచం అటకమీద ఉంది. అమ్మ తియ్యనివ్వదు.”

“ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు” అంది తల్లి, నేల చూస్తూ. “ఎక్కడున్నాడో తెలీదు. మనిషి లేడని నా చేత్తో ఎలా రాయనండీ? కొట్టేయమంటారా?”

“కొట్టేయొద్దమ్మా. కొత్త ఫారం తీసుకుందాం. ఆయన తిరిగొచ్చిన రోజున వచ్చి చెప్పు, అప్పుడు రాద్దాం. ఇప్పుడు మాత్రం పరిగెత్తు. ఆయన రెండేళ్లుగా ఇంట్లో లేడని ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి సంతకం పెడితే చాలు, ఆదాయం కాగితం అక్కర్లేదు.”

వాళ్లు తిరిగి వచ్చేసరికి ఐదు దాటింది. సూపరింటెండెంటుగారు షట్టరు దించమన్నారు.

“ఈమెకు నాలుగున్నరకే టోకెన్ ఇచ్చాను సార్. టోకెన్ ఉన్న మనిషి లోపలున్నట్టే.”

“మనిషి వీధిలో ఉంటే లోపలున్నట్టు ఎలాగండీ?”

“చెప్పులు ఇక్కడే వదిలి పరిగెత్తింది సార్, చూడండి.”

ఆయన చూశారు. గుమ్మం పక్కన నిజంగానే ఒక జత చెప్పులున్నాయి. వెళ్లి తన సీట్లో కూర్చున్నారు. సాక్షిగా వచ్చిన పక్కింటి పిన్నిగారు కలం అందుకుంటూ, “వాడు ఇల్లొదిలి పోయాడని సంతకమేనా? కావాలంటే పది వేళ్లూ ముద్ర వేస్తాను!” అన్నారు. ఏడుస్తున్న ఆ తల్లి కూడా ఫక్కున నవ్వింది.

దరఖాస్తు మంజూరైంది. ఆ పిల్ల సోమవారం బడికే వెళ్లింది. నా ఎర్ర సిరా సంగతి అక్కయ్యగారు ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. మర్నాడు ఉదయం నా బల్లమీద ఒక పెన్సిలు పెట్టి, “ముందు దీంతో రాసుకో” అన్నారు, అంతే. ఇవాళ నేను తప్పుల్లేకుండా పనిచేస్తున్నానంటే ఆ పెన్సిలు పెట్టిన చెయ్యే కారణం.

తరువాతి కాలంలో ఆమె సెక్షన్ అధికారిగా పదోన్నతి పొందారు. దరఖాస్తులు కంప్యూటరులోకి మారినప్పుడు, యాభై దాటిన వయసులో, మాకంటే ముందు నేర్చుకొని మాకే నేర్పారు. అధికారిగా తనకంటూ గది ఇచ్చినా, రద్దీ రోజుల్లో మూడో నంబరు కౌంటర్లోనే కనిపించేవారు. మధ్యాహ్నం వరుస తరగకపోతే ఆమె అన్నం డబ్బా మూత తెరుచుకునేది కాదు. ఈ విషయంలో మాత్రం ఆమెతో మాకు ఎప్పుడూ తగువే.

వీడ్కోలు విందు ఏర్పాట్లకై మొన్న అటెండరుగారు, “మొత్తం ఎన్ని కంచాలమ్మా?” అని ఆమెనే అడిగారు. ఆమె మా అందరినీ వేళ్లమీద లెక్కపెట్టి, బావగారినీ వాళ్లమ్మాయినీ కలిపి, ఇరవై ఆరు అన్నారు. నేను మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఏడు. ముప్పై నాలుగేళ్లు అందరి ఇళ్ల కంచాలూ పొల్లుపోకుండా లెక్కపెట్టిన మనిషి, తన కంచం మరిచిపోయారు.

అక్కయ్యగారూ, ఆ ఒక్క గడీ మేము దిద్దేశాం. ఇక మీ ముందు వరుస లేదు, షట్టరు లేదు. బావగారి పక్కన కూర్చుని, వేళకు, వేడివేడిగా, మొదటి కంచం మీరే పెట్టుకొని, మోకాళ్ల నొప్పులు దరి చేరకుండా, నిండు నూరేళ్లూ కడుపు నిండా తిని చల్లగా ఉండాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాం.