నాన్న మాటల పెట్టె

ఆపరేషన్ గది బయట బెంచీ మీద అక్క ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కొయ్యబారిపోయింది. లోపల నాన్నకు క్యాన్సర్ పట్టిన స్వరపేటికను తీసేస్తున్నారు. తమ్ముడు పక్కకొచ్చి కూర్చున్నాడు.

“ఏమైందక్కా?”

“నాన్న గొంతు పోయిందిరా.”

“తెలిసిందేగా. అందుకేగా రేపట్నుంచి ల్యాప్‌టాప్ ఆయన గొంతుతోనే పలకాలని నిన్నంతా ఆయన మాటలు నీ ప్రోగ్రాంలో రికార్డు చేశావు.”

“అవే పోయాయి. వెనకాల కాస్త గరగర వస్తోందని, ప్రోగ్రాం ఆపకుండానే ఒక లైను దిద్ది రీలోడ్ కొట్టాను. ఆ ఒక్క లైనే మారుతుందనుకున్నా. అది మొదటి నుంచీ మళ్ళీ నడిచింది.”

“నడిస్తే?”

“మొదటి లైనులో ‘మాటలు దాచడానికి ఖాళీ పెట్టె తయారుచెయ్యి’ అని రాసింది నేనే. మాటలున్న పెట్టె పోయి ఖాళీది వచ్చి కూర్చుంది.”

“ఇంకెక్కడా దాచలేదా?”

“గరగర తీసేశాక దాచుదామనుకున్నా.”

“పోనీలే, నాన్నతో మళ్ళీ చెప్పించి...” అంటూనే వాడు నాలుక కరుచుకున్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు నవ్వుతూ వచ్చింది.

“అంతా బాగా జరిగిందమ్మా. మెలకువ వచ్చింది. మీ ల్యాప్‌టాప్ తెమ్మని సైగ చేస్తున్నారు.”

“పదక్కా.”

“ఏ మొహం పెట్టుకుని రానురా?”