సాంచెలు ఆగినయి

ఊర్లె బట్ట నేసే సాంచెల షెడ్డు దగ్గర్నే సిగ్నల్ మంచిగ వస్తది. దూరవిద్య డిగ్రీ ఆఖరి పరీక్ష, సార్లు ఫోన్లనే మూడు ప్రశ్నలు అడుగుతరని బిడ్డ వచ్చి మూలకు కూసుంది. అండ్ల పనిచేసే తండ్రి తను నడిపే నాలుగు సాంచెలూ బంద్ చేసిండు.

“బాపూ, చప్పుడు ఆగితే షెడ్డు ఆసామి ఉరికొస్తడు. సాయన్న కాకను గిట్లనే పనిలకెల్లి తీసేసిండు.”

“చప్పుడుంటే నీ మాట సార్లకు ఇనవడదు. పోయినసారి గట్లనే గదా పరీక్ష పోయింది?”

“పని పోతే ఏం తింటం?”

“గా ఫికర్ నాది. నువ్వు చదివింది యాది చేసుకో.”

“నీ చేతులు ఇంక పోగులనే సర్దుతున్నయి.”

“సాంచె పట్టిన చేతులు బిడ్డా, అది ఆగినా ఇవి ఆగవు.”

ఫోన్ల సారు పిలిచిండు. రెండు జవాబులు చెప్పేసరికి బయట ఆసామి బండి ఆగింది. ఆమె ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

“వచ్చిండు బాపూ! సాంచెలు నడుపు!”

“ఇంకెన్ని ప్రశ్నలు ఉన్నయి?”

“ఒక్కటే.”

తండ్రి బయటికి పోయి తలుపు దగ్గరికేసిండు.

“సాంచెలెందుకు ఆగినయిరా?”

“పోగులు తెగినయి సేటూ.”

“నాలుగిట్లనా? ఒక్కపారే?”

తండ్రి తలుపుకు వీపు ఆనిచ్చి నిలవడ్డడు. లోపల బిడ్డ ఇంకా జవాబు చెప్తనే ఉంది.