మాయను చూడనిదే పారవేయనివ్వని డాక్టరు గారు

1991 జూన్ మూడవ తేదీన మన ప్రసూతి ఆసుపత్రి ప్రయోగశాలలో డాక్టరు గారు బాధ్యతలు స్వీకరించారు. గర్భస్థ శిశువుకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే మాయ ఆనాడు కాన్పు కాగానే నేరుగా బకెట్‌లోకి చేరేది. వచ్చిన వారంలోనే వారు ఆ బకెట్‌కు అడ్డం నిలిచారు. బిడ్డ దక్కకపోయినా, తల్లికి బీపీ పెరిగినా, ఆ మాయ తమ బల్ల మీదికి రావలసిందేనని పట్టుబట్టి, మెట్ల కింది చిన్న గదిని కడిగించి పరీక్షాగదిగా మార్చుకున్నారు. ‘మాయ డాక్టరమ్మ’ అన్న పేరు అప్పుడు పడ్డదే. భోజనాల దగ్గర కూడా ఆ ప్రస్తావనే వస్తే, వారి భర్తగారు “ముద్ద దిగనివ్వవే తల్లీ!” అని దండం పెట్టేవారట.

వారు విభాగాధిపతి అయిన ఏడాది, బీపీ పెరిగి రెండోసారీ బిడ్డను పోగొట్టుకున్న ఒక కోడలిని అత్తగారు వరండాలోనే దులిపేస్తున్నారు.

“బరువులెత్తొద్దంటే విన్నావా? చేజేతులా పోగొట్టావు!”

డాక్టరు గారు ఆ అత్తగారిని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకువెళ్లి మాయను చూపించారు.

“ఇదిగో, ఇక్కడంతా గట్టిపడి పాలిపోయింది కదమ్మా? దీన్లో రక్తం ఆడలేదు, బిడ్డకి తిండి అందలేదు. బరువులకీ దీనికీ సంబంధం లేదు. కోడల్ని ఇంకొక్క మాట అనకండి.”

“మరి మళ్ళీ ఇలాగే అయితేనో?”

“నెల తప్పగానే తీసుకురండి. మొదట్నుంచీ మందులిచ్చి కనిపెట్టుకుని ఉంటాం.”

మూడో కాన్పులో పాప కేరుమంది. అంతటితో వదిలారా? గర్భిణిగా ఉండగా అలా బీపీ పెరిగిన తల్లులకు ముందుముందు గుండెజబ్బు ముప్పు ఎక్కువని నచ్చజెప్పి, ఆమెను ఏటా పరీక్షకు రప్పించారు. అటువంటి తల్లులు ఎందరో!

తీరా వారి పదవీ విరమణ వేళకు ఆ గదిని పాత కుర్చీలకు కేటాయించాలని పై అధికారి తలపెట్టారు.

“మీకు ఘనంగా సన్మానం చేస్తాం కదా మేడమ్!”

“అయితే ఆ సన్మానపు పూలగుత్తి కూడా కుర్చీలతోపాటే పడేయించండి. గది ఉంటేనే వేదికెక్కుతాను.”

ఎవరు బతిమాలినా ససేమిరా అన్నారు. చివరకు గత వారం ఉత్తర్వు వెలువడింది: గది కొనసాగుతుంది, ఇద్దరు యువ వైద్యులు అందులో పనిచేస్తారు. అది చేతికందాకే వారు ఈ వీడ్కోలు సభకు సరేనన్నారు.

చేయని తప్పుకు నింద మోయకుండా ఇల్లు చేరిన తల్లులందరూ తమ ఆయుష్షులోంచి తలా ఒక్క రోజు పోసినా డాక్టరు గారికి నూరేళ్లు దాటిపోతాయి. ఆ ఏళ్లన్నీ వారు ఆరోగ్యంగా, ఇంతే మొండిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.